కాంటన్ పోయిన వారం

తాడు జారిన క్షణంలో మైన్‌రాడ్‌కి ఏ చప్పుడూ వినబడలేదు. లౌఫెన్‌బుర్గ్ ఊరి మధ్యలో రైన్ నది రెండు రాతిగట్ల నడుమ ఇరుక్కుని నురగలు కక్కుతూ దూకేచోట, పక్కన నిలబడి అరిచినా మాట వినబడదు. సరుకు దించేసిన ఖాళీ పడవల్ని అక్కణ్ణించి తాళ్ళతో పట్టి కిందికి దించడం అతని జట్టు పని. భుజం మీది తోలుపట్టీ ఒక్కసారిగా తేలికైంది, అంతే. కుడిచేతి చివరి రెండు వేళ్ళ సందులోంచి తడితాడు రెండు బారల మేర పోయింది. ఎడమచేత్తో అందుకుని, రాతిలో దిగ్గొట్టిన కొయ్యకి ఒక చుట్టు బిగించేసరికి ఆలస్యమైపోయింది.

పడవ వెనకభాగం అడ్డం తిరిగి గట్టు మలుపులో రాతికి కొట్టుకుంది. అది కూడా అతనికి కనబడలేదు. మైన్‌రాడ్ నిలబడే చోటికి పడవ కనబడదు; ముందుకు పొడుచుకొచ్చిన బండ అడ్డం. అతనికి కనబడేదల్లా, అవతలి ఒడ్డున పడవ కనబడేచోట నిలబడ్డ వెండెలిన్. వెండెలిన్ అరచెయ్యి పైకెత్తి ఉంచితే తాడు పట్టుకోవాలి. కిందికి దించితే వదలాలి. ఆ రోజు వెండెలిన్ చెయ్యి ఎత్తే ఉంది. పడవ బండకి కొట్టుకున్నాక కూడా అలాగే ఉంది.

కొన్ని క్షణాలకి పలకలు ఒక్కొక్కటిగా నురగలోంచి తేలాయి.

ఎగువ కొయ్య దగ్గరున్న గెర్వాస్ రాళ్ళ మీద ఎగిరి దూకుతూ వచ్చాడు. అతను తాళ్ళ జట్టుకి పెద్ద. వచ్చి మైన్‌రాడ్ చెవి దగ్గర నోరు పెట్టి అడిగాడు.

"ఎవడు వదలమన్నాడు?"

మైన్‌రాడ్ అవతలి ఒడ్డుకేసి చూశాడు. వెండెలిన్ ఇప్పుడు రెండు చేతులూ వేలాడేసుకుని నీళ్ళకేసి చూస్తున్నాడు.

"వాడే," అన్నాడు మైన్‌రాడ్. "చెయ్యి దించాడు."

ఆలోచించి అన్న మాట కాదు. పడబోయేవాడు చేతికందింది పట్టుకున్నట్టు నోటికందిన మాట పట్టుకున్నాడు. గెర్వాస్ తలూపి దిగువ రేవు వైపు వెళ్ళిపోయాడు. అక్కడ ఎగువన షాఫ్‌హౌజెన్ ఊరి నుంచి వచ్చిన పడవవాడు, ఊళ్ళోంచి బళ్ళ మీద దిగిన తన పీపాల మధ్య నిలబడి, ఖాళీ పడవ కోసం ఎదురుచూస్తున్నాడు.

మధ్యాహ్నం ఇంట్లో ఒట్టీలియ అతని తడికోటు విప్పింది. బొత్తాలు ఆవిడే తీస్తుంది. చలికాలం మొదలైనప్పటినుంచీ ఆ రెండు వేళ్ళు బొత్తాన్ని పట్టుకోలేకపోతున్నాయి. పట్టుకున్నాయో లేదో కూడా అతనికి తెలియదు, చూసుకోవాలి. ఆ సంగతి వాళ్ళిద్దరికే తెలుసు.

"పడవ పోయిందటగా," అంది ఒట్టీలియ. "మనుషులెవరూ లేరు కదా అందులో?"

"లేరు."

"దేవుడి దయ. కూర్చో. బార్లీ గంజి వేడిగా ఉంది. ఈస్టర్ ఉపవాసాలయ్యేదాకా ఇదే, మొహం చిట్లించకు."

అతను ఎడమచేత్తో చెంచా పట్టుకుని తిన్నాడు. ఆవిడ ఆ చేతికేసి చూసింది.

మర్నాడు పొద్దున్న గెర్వాస్ అతన్ని ఊరి కచేరీకి తీసుకెళ్ళాడు. మెట్లెక్కుతూ చెప్పాడు.

"పడవవాడు ఊరుకోడు. ఎవరో ఒకరి పేరు జట్టు పేర్ల జాబితాలోంచి కొట్టేసి చూపించాలి. మనవాడి పేరు కొట్టేస్తే అర్జీలూ గిర్జీలూ, వాడి బావమరుదులూ, వాడి పెళ్ళాం ఏడుపూ. అవతలివాడైతే ఏ గొడవా లేదు. వాళ్ళిప్పుడు వేరే దేశం కదా."

"వేరే దేశమేంటి," అన్నాడు మైన్‌రాడ్. "వంతెన దాటితే వాడిల్లు."

"నేను చెప్పానా వేరే దేశమని? ఈ నదే సరిహద్దని పారిస్‌లో చెప్పారు."

కచేరీలో కసిమిర్ అనే గుమస్తా ఉన్నాడు. ఏడాది కిందట ఫ్రిక్‌టాల్ కాంటన్ అనే చిన్న రాష్ట్రం పుట్టినప్పుడు ఆ కుర్చీలో కూర్చున్నాడు. కాంటన్ పేరు ప్రతి కాగితం నెత్తిన పెద్ద అక్షరాలతో, తోకలు తిప్పి, తనే రాస్తాడు. ఆ తోకలు చూసి ఊళ్ళో నవ్వుకుంటారు. మనిషి మాత్రం మర్యాదస్తుడు.

"నువ్వు చూసింది చూసినట్టు చెప్పు," అన్నాడు. "తొందరేం లేదు."

"చెయ్యి దించాడండి."

"పూర్తిగా దించాడా, కదిపాడా?"

"దించాడు."

"ఇంకెవరైనా చూశారా?"

గెర్వాస్ అందుకున్నాడు. "ఎవరూ చూడరండి. అవతలి చెయ్యి చూడ్డం ఇతని పని. ఇతని కోసం చెయ్యెత్తడం అతని పని. మిగతావాళ్ళ కళ్ళు తాడు మీదే ఉంటాయి."

కసిమిర్ కలం ఆపాడు. "అవతలతన్ని కూడా అడగాలి, న్యాయంగా అయితే. కానీ పిలిపించే అధికారం నాకు లేదు. అవతల ఎవరికి రాయాలో కూడా తెలీదు. ఆ ఒడ్డు చక్రవర్తిదంటారు, కాదు ఏదో ఇటలీ డ్యూక్‌దంటారు."

"ఆ డ్యూక్‌కే తెలీదేమోనండి," అన్నాడు గెర్వాస్.

కసిమిర్ నవ్వలేదు. మైన్‌రాడ్‌కేసి చూశాడు. "కాబట్టి నీ మాటొక్కటే ఉంది. ఇంకోసారి ఆలోచించుకో. కావాలంటే రేపు రా."

మైన్‌రాడ్ కాగితం మీది పెద్ద అక్షరాలకేసి చూశాడు. రేపొస్తే ఏం చెప్పాలి? వేళ్ళ సంగతి చెప్పాలి. చెబితే ఆ పూటే భుజం మీది తోలుపట్టీ తీసి గెర్వాస్‌కిచ్చి, బళ్ళు తోసేవాళ్ళ గుంపులో నిలబడాలి. పందొమ్మిదో ఏట ఎక్కిన రాయి అది.

"ఆలోచించేదేం లేదండి," అన్నాడు.

చదువు రాదు గనక కాగితం కింద శిలువ గుర్తు పెట్టాలి. కలం వేళ్ళలో నిలవలేదు. గీత వంకరగా పోయి సిరా చిందింది.

"చలికి కొంకర్లు పోయాయా?" అన్నాడు కసిమిర్, ఇసుక చల్లుతూ.

"అవునండి."

వెండెలిన్ పేరు కొట్టేశారు. గురువారం నాడు, జట్టు గుర్తుగా అతనికిచ్చిన తోలుపట్టీ వెనక్కి తీసుకొచ్చే పని మైన్‌రాడ్‌కే పడింది. "నువ్వయితే నొచ్చుకోడు," అన్నాడు గెర్వాస్. "ముప్పయ్యేళ్ళ స్నేహం మీది."

వంతెన మధ్యలో అడ్డకర్ర వేసి ఉంది. దాని పక్కన ఉల్లిపాయ తింటూ కూర్చున్న కాపలావాడు మైన్‌రాడ్‌ని చూసి, లేవకుండానే కాలితో కర్ర పైకి తన్నాడు.

వెండెలిన్ భార్య మెక్‌టిల్డ్ తలుపు తీసింది. "రా అన్నయ్యా. నువ్వైనా చెప్పు ఈయనకి. నిన్నట్నించీ ఇదే పని."

వెండెలిన్ కిటికీ ముందు నిలబడి ఉన్నాడు. కుడి అరచెయ్యి పైకెత్తి, దానికేసి రెప్ప వెయ్యకుండా చూస్తున్నాడు. కాసేపటికి దించి, మళ్ళీ ఎత్తాడు.

"కూర్చోరా," అన్నాడు, వెనక్కి తిరక్కుండానే. "ఎండబెట్టిన ఆపిల్ ముక్కలున్నాయి. పెట్టవే."

మైన్‌రాడ్ బల్ల చివర కూర్చున్నాడు. వచ్చేముందు మాటలన్నీ సిద్ధం చేసుకున్నాడు. జట్టు నిర్ణయించింది, పడవవాడు గొడవ చేస్తున్నాడు, నా చేతుల్లో లేదు. ఒక్కటీ పైకి రాలేదు. అవసరమూ పడలేదు. వెండెలిన్ గోడకి తగిలించిన తోలుపట్టీ తనే తీసి బల్ల మీద పెట్టాడు. కొవ్వు రాసి మెరిసేలా తుడిచి ఉంది.

"దీనికోసమే కదా వచ్చావు. గెర్వాస్ కబురు నిన్ననే అందింది."

"వెండెలిన్..."

"నాకొక్క సంగతి చెప్పు." వెండెలిన్ ఎదురుగా కూర్చున్నాడు. "ఎంత దించాను? ఇంతా? లేక పూర్తిగానా?"

మైన్‌రాడ్ బల్ల మీది తోలుపట్టీని దగ్గరికి లాక్కున్నాడు.

"నాకు మాత్రం ఎత్తే ఉంచినట్టు గుర్తు. ఒట్టేసి చెప్పమన్నా చెబుదును. కానీ నువ్వు దించానన్నావట. నువ్వు ఊరికే ఎందుకంటావ్? ఇన్నేళ్ళలో ఒక్కసారి నా సైగ తప్పు చదివావా? అంటే నా చెయ్యే నాకు తెలీకుండా దిగిందన్నమాట." అతను ఆ చేతిని బల్ల మీద బోర్లా పెట్టాడు. "మా నాన్నకీ ఇలాగే మొదలైంది. గ్లాసు పట్టుకున్నాననుకునేవాడు, గ్లాసు నేల మీద ఉండేది. రెండేళ్ళలో అమ్మ నోట్లో పెడితే గానీ తినలేకపోయాడు. నీకు గుర్తుందిగా."

"గుర్తుంది."

"నీ మీద నాకేం కోపం లేదురా. నువ్వు చూసింది చెప్పావు. పడవలో మనిషి లేనప్పుడు తెలిసింది, అదే మేలు."

మెక్‌టిల్డ్ పొయ్యి దగ్గర వీళ్ళకి వీపు పెట్టి నిలబడింది. ఆపిల్ ముక్కల గిన్నె ఆవిడ చేతిలోనే ఉంది.

అప్పుడు చెప్పాల్సింది. రెండే రెండు మాటలు: దించలేదురా, నువ్వు. మైన్‌రాడ్ నోరు తెరిచాడు. "ఎండ రాగానే చెయ్యి సర్దుకుంటుందిలే," అన్నాడు. తోలుపట్టీ చంకలో పెట్టుకుని లేచాడు. అది బరువేమీ లేదు. వంతెన మీద కాపలావాడు "ఏంటది?" అని అడిగితే "తోలు," అన్నాడు.

శనివారం సంతలో డప్పు వేశారు. ఫ్రిక్‌టాల్ కాంటన్ లేదు. పారిస్ నుంచి కొత్త చట్టం వచ్చింది. ఇక్కడి పల్లెలూ, రెండు పట్నాలూ అన్నీ ఆర్గౌ కాంటన్‌లో కలిసిపోయాయి. డప్పువాడు రెండుసార్లు చదివాడు, మొదటిసారి ఎవరూ నమ్మలేదని.

"పోయినేడు దీపాలు పెట్టి, చేతులెత్తించి ప్రమాణం చేయించారు," అంది గుడ్లమ్మే ఆవిడ. "ఇప్పుడెవరికీ చెప్పకుండా తీసేశారు."

"నువ్వు ఆ రోజు చెయ్యెత్తలేదుగా, గుడ్లు పట్టుకున్నావు," అన్నాడు పక్కవాడు.

మైన్‌రాడ్ అక్కణ్ణించి తిన్నగా కచేరీకి వెళ్ళాడు. దారంతా ఒకటే అనుకున్నాడు: కాగితాలు కదిలేలోగా మార్పించాలి. కసిమిర్ చొక్కా చేతులు మడిచి, కాగితాల కట్టలు పెట్టెల్లో సర్దుతున్నాడు. పెట్టెల మూతల మీద ఆర్గౌ అని సుద్దముక్కతో రాసి ఉంది. ఆ అక్షరాలకి తోకలు లేవు.

"బుధవారం ఒక కాగితం రాశారండి. దాన్ని మార్చాలి."

"ఏ పేరు మీద మార్చను?" కసిమిర్ నడుం పట్టుకుని నిలబడ్డాడు. "నిన్నటిదాకా ఉన్న కాంటన్ ఇవాళ లేదు. కొత్తదాని తరఫున నాకు హుకుం లేదు. నీది ఆ మూడో పెట్టెలో ఉంది, మేకులు కొట్టేశారు. ఇంతకీ ఏం మార్చాలి?"

మైన్‌రాడ్ టోపీ చేతుల్లో తిప్పాడు. "నేను చెప్పింది..."

తలుపు తోసుకుని గెర్వాస్ వచ్చాడు. ఉత్సాహంగా ఉన్నాడు. "ఇక్కడున్నావా! అయ్యగారూ, కాంటన్ పోతే మా పేర్ల జాబితా కూడా పోయినట్టేనా?"

"పోయినట్టే. కొత్తది రాసుకోవాలి."

"అయితే వెండెలిన్ పేరు మళ్ళీ రాసుకుంటే అడిగేవాడు లేడు?"

"నన్నడిగితే లేడు."

గెర్వాస్ మైన్‌రాడ్ వీపు మీద చరిచాడు. "విన్నావా? పడవవాడు వెళ్ళిపోయాడు, కాంటన్ వెళ్ళిపోయింది. ముసలాణ్ణి సోమవారమే రాయి మీదికి పిలుద్దాం. అతనంత కన్ను ఆ ఒడ్డున ఎవడికీ లేదు. ఏడుపు మొహం పెట్టకు మరి."

కసిమిర్ మైన్‌రాడ్ వైపు తిరిగాడు. "నువ్వు మార్చమన్నది ఇదేనా?"

గదిలో పెట్టెలు, తాళ్ళు, కరిగిన లక్క వాసన. "ఇదేనండి," అన్నాడు మైన్‌రాడ్.

మెట్లు దిగుతుంటే కాళ్ళు తేలిగ్గా ఉన్నాయి. నాలుగు రోజుల తర్వాత ఆ పూట ఆకలేసింది. ఒట్టీలియ పిండి కలుపుతూ, "అయితే మనమిప్పుడెవరం?" అంది.

"నిన్న ఎవరమో వాళ్ళమే."

"మంచిది. ఆ ఉప్పు ఇటు ఇయ్యి."

ఆదివారం ప్రార్థనకి అవతలి ఒడ్డువాళ్ళు ఎప్పట్లాగే వంతెన దాటి వచ్చారు. గుడి ఇటే ఉంది. దాన్ని ఎవరూ రెండు ముక్కలు చెయ్యలేదు. ప్రార్థన అయ్యాక గుడి మెట్ల మీద గెర్వాస్ వెండెలిన్ భుజం పట్టుకుని సంగతి చెప్పాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వుమొహాలు పెట్టారు. మైన్‌రాడ్ రెండడుగుల దూరంలో నిలబడ్డాడు.

"వద్దు," అన్నాడు వెండెలిన్.

"వద్దేంటయ్యా? ఎవరూ ఏమీ అనరు."

"అనరు. సరే. కానీ చెయ్యి దిగింది కదా. కాంటన్ మారితే చెయ్యి మారుతుందా? ఈసారి పడవలో ఎవడైనా ఉంటే?" అతను చేతిని కోటు లోపల పెట్టుకుని ఉన్నాడు. "బుధవారం నుంచీ నేను కత్తి పట్టుకోవడం లేదు, రొట్టె మా ఆవిడ కోస్తోంది. మీరు నన్ను రాయి మీదికి రమ్మంటున్నారు."

మెక్‌టిల్డ్ తల వంచుకుని జపమాల సంచిలో పెట్టుకుంది. భార్యాభర్తలు వంతెన వైపు నడిచారు. వెండెలిన్ కుడిచెయ్యి లోపలే ఉంది. ఎదురైనవాళ్ళకి టోపీ ఎడమచేత్తో తీశాడు.

ఇంటికొచ్చాక ఒట్టీలియ మైన్‌రాడ్ కోటు బొత్తాలు విప్పుతూ మూడో బొత్తం దగ్గర ఆగింది.

"ఆ రోజు తాడు ఏ చేతిలోంచి పోయింది?"

అతను కిటికీకేసి చూశాడు.

"నేనడిగింది విన్నావు," అంది. మిగతా బొత్తాలు విప్పకుండా వదిలేసి వంటింట్లోకి వెళ్ళింది. అతను సగం విప్పిన కోటుతో చాలాసేపు బెంచీ మీద కూర్చున్నాడు. ఆవిడ మళ్ళీ రాలేదు. చివరికి ఎడమచేత్తో ఒక్కొక్కటే తనే తీసుకున్నాడు.

సోమవారం పొద్దున్నే పనిలోకి వెళ్ళకుండా వంతెన దాటాడు. అడ్డకర్ర తీసేసి గోడకి ఆనించి ఉంది. ఏ కాంటన్ తరఫున దించాలో కాపలావాడికి ఇంకా ఎవరూ చెప్పలేదు. వెండెలిన్ పెరట్లో కట్టెల దుంగ మీద కూర్చుని ఉన్నాడు. గొడ్డలి మెక్‌టిల్డ్ చేతిలో ఉంది.

మైన్‌రాడ్ టోపీ తీశాడు. పొద్దున్నించీ అనుకున్న వరస మర్చిపోయాడు.

"నువ్వు చెయ్యి దించలేదు," అన్నాడు.

వెండెలిన్ తలెత్తాడు.

"ఎత్తే ఉంది. పడవ కొట్టుకున్నాక కూడా ఎత్తే ఉంది. తాడు నా చేతిలోంచి జారింది. ఈ రెండు వేళ్ళకి స్పర్శ లేదు, క్రిస్మస్ ముందునుంచీ. గెర్వాస్ అడిగితే నీ పేరు చెప్పాను. కచేరీలో మళ్ళీ చెప్పాను. గురువారం ఇక్కడికొచ్చి, నువ్వు అన్నీ చెబుతుంటే విని, తోలుపట్టీ పట్టుకుపోయాను."

నది హోరు పెరటిదాకా వస్తోంది గానీ ఇక్కడ మాట స్పష్టంగా వినబడుతుంది. మెక్‌టిల్డ్ గొడ్డలి దుంగకి ఆనించింది.

మైన్‌రాడ్ తిట్ల కోసం చూశాడు. కొట్టినా నిలబడదామనే వచ్చాడు. వెండెలిన్ అతనికేసి చూడలేదు. కోటులోంచి కుడిచెయ్యి మెల్లగా బయటికి తీశాడు. ముందు అరచెయ్యి చూసుకున్నాడు, తర్వాత వెనక్కి తిప్పి చూసుకున్నాడు. వేళ్ళు ముడిచి, తెరిచాడు.

"బాగానే ఉందన్నమాట," అన్నాడు.

"బాగానే ఉంది."

"నాన్నది కాదన్నమాట." ఇది భార్యతో అన్నాడు. "వింటున్నావా? నాన్నది రాలేదు నాకు."

మెక్‌టిల్డ్ పక్కన కూర్చుని ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుంది. వెండెలిన్ నవ్వుతున్నాడు, కళ్ళు తుడుచుకోవడం కూడా మర్చిపోయి. చలి, మట్టి, ఎదురుగా టోపీ పట్టుకుని నిలబడ్డ మనిషి ఏవీ లేనట్టు ఇద్దరూ ఆ చెయ్యినే చూస్తున్నారు. మైన్‌రాడ్‌కి నిలబడాలో వెళ్ళాలో తెలియలేదు. ఐదు రోజులుగా తను ఈ ఇంట్లో ఏం పెట్టిపోయాడో ఆ నవ్వు చూస్తే అర్థమైంది. తిట్టి ఉంటే ఇంత తెలిసేది కాదు.

చాలాసేపటికి మెక్‌టిల్డ్ అతనికేసి తిరిగింది. 'అన్నయ్యా' అనలేదు.

"వెళ్ళు మైన్‌రాడ్. మేం కబురు పంపేదాకా రావద్దు."

అతను వంతెన దాటి, రాళ్ళ మీదున్న గెర్వాస్ దగ్గరికి వెళ్ళి, చెవిలో అరిచి అంతా చెప్పాడు. నది హోరుకి మూడుసార్లు చెప్పాల్సొచ్చింది. అంత సిగ్గుపడాల్సిన మాట అంత గట్టిగా అరవడం అతని జీవితంలో అదే మొదలు. గెర్వాస్ అతని మొహంలోకి చూసి చెయ్యి చాచాడు. మైన్‌రాడ్ భుజం మీది తోలుపట్టీ తీసి ఇచ్చేశాడు.

మంగళవారం నుంచి అతను బళ్ళు తోసేవాళ్ళతో కలిశాడు. పీపాలూ మూటలూ ఎగువ రేవులో ఎక్కించి, సందుల్లోంచి దిగువ రేవుకి. రాతిబాట ఏటవాలు, వేళ్ళతో పని లేదు, భుజాలూ తొడలూ చాలు. మొదటి రెండు రోజులూ ఎవరూ అతనితో మాట్లాడలేదు. మూడో రోజు ఒకడు, "అవతల ముసలాయన మళ్ళీ ఎక్కాడు రాయి," అని గాలికి చెప్పినట్టు చెప్పాడు. ఆ రోజు పడవ చెక్కు చెదరకుండా దిగింది. మైన్‌రాడ్ దానిలోకి మూటలు ఎక్కించాడు.

కబురు మాత్రం రాలేదు. ఆదివారం గుడిలో వెండెలిన్ దంపతులు ముందు వరసలో కూర్చుని, పక్క తలుపులోంచే వెళ్ళిపోయారు. ఒట్టీలియ మళ్ళీ బొత్తాలు విప్పడం మొదలుపెట్టింది.

ఈస్టర్‌కి పది రోజులుందనగా ఒక పొద్దున్న, సంత సందులో బండి మలుపు తిప్పుతుంటే ఎదురుగా వెండెలిన్ వచ్చాడు. చేతిలో కొత్త చేపల బుట్ట ఉంది. సందు ఇరుకు. తప్పుకోవాలంటే ఎవరో ఒకరు గోడకి ఆనుకోవాలి. మైన్‌రాడ్ బండి పిడి పట్టుకుని ఆగిపోయాడు. తలెత్తలేదు. వెండెలిన్ గోడకి ఆనుకుని దారిచ్చాడు.

బండి సగం దాటింది.

"కుడి చక్రం మేకు ఊడొస్తోంది," అన్నాడు వెండెలిన్. "కిందికి దిగేలోపు కొట్టించుకో."

మైన్‌రాడ్ ఆగి వెనక్కి చూసేసరికి అతను వంతెన వైపు మలుపు తిరుగుతున్నాడు. మైన్‌రాడ్ వంగి చూశాడు. మేకు నిజంగానే ఊడొస్తోంది.